జనసమ్మర్దముగల పేటలలో చెత్త నిబంధనలు – మన కర్తవ్యము

(వార్షిక మహాసభ రెండవనాఁటి యుదయసభలో నొసంగఁబడిన యుపన్యాసము)



నిన్నటినుండి పెద్దలు విద్యానిధినిగూర్చియు, విద్యార్థి వసతిగృహమునుగూర్చియు, వివాహవ్యయములనుగూర్చియు గంభీరముగ నుపన్యసించియున్నారు. అట్టి సభలో చెత్తనుగూర్చి మాటలాడు భారమును నాపై నుంచిన కార్యదర్శిగారికి వందనములు. విషయము పేరు వినఁగానే కొందఱు చిఱునవ్వు నవ్వుట చూచితిని. నవ్వవచ్చును. కాని యీ మధ్యాహ్నము మీ సమ్మతికి రానున్న తీర్మానములలో నేడవది, మన కల్యాణమండపమున చెత్తను వేఱుచేసి యప్పగించుట నిర్బంధము కావలెనను తీర్మానము. గత సంవత్సరమును ఇదియే వచ్చినది. “ఇంత చిన్న విషయమునకు నిబంధన లేల?” యని పెద్ద లొకరు ప్రశ్నింపఁగా వాయిదా పడినది. అది చిన్న విషయము కాదని మనవిచేయుటయే నేఁటి నా పని.

మొదట నా తప్పు నొప్పుకొందును. మూఁడేండ్లక్రిందట మన మండపముననే నా రెండవ కుమార్తె వివాహము జరిగినది. మీలో ననేకులు విచ్చేసి వధూవరుల నాశీర్వదించితిరి. భోజనములు బాగుగ నున్నవని మెచ్చుకొంటిరి. మఱునాఁ డుదయమున సామానులు బండి కెక్కించుటకు వచ్చి, మండపము వెనుకనున్న సందులోనికి పోతిని. అంతకుముం దెన్నఁడును నే నటు పోయియుండలేదు. విస్తళ్లు, ప్లాస్టికు గ్లాసులు, సగము త్రాగి విడిచిన నీళ్ల సీసాలు, మిగిలిన యన్నము, పులుసు, వాడిన పూలదండలు, పగిలిన గాజుసామాను – అన్నియు నొక్క కుప్పగా పడియున్నవి. రాత్రి వాన కురిసినది. ఆ కుప్పలో సగము కొట్టుకొనిపోయి కాలువను పూడ్చినది. మురుగునీరు పొంగి యా సందులోని నాలుగిండ్ల గడపలు దాటినది. ఒక యింట బాలింతను మంచముమీఁదనే కూర్చుండఁబెట్టి, ఇంటిల్లిపాదియు బిందెలతో నీరు తోడిపోయుచుండిరి. వారిలో నొక్కరును నన్ను నిందింపలేదు. ఆ కుప్ప నాదని వారికిఁ దెలియదు. నాకుఁ దెలిసినది.

ఆ కుప్పవద్ద పురపాలక సంఘపు పారిశుద్ధ్యపనివారిలో నొక యాఁడుది నిలిచియుండెను. ఆమె యరచేతినుండి రక్తము కాఱుచుండెను. అన్నములోఁ గలిసిన గాజుపెంకు గ్రుచ్చుకొన్నది. గుడ్డ తెచ్చి కట్టించితిని. ఆమె కోపముతోఁ గాక, విన్నపముగ నొక్కమాట యన్నది: “అయ్యా, అన్నంలో గాజుపెంకు కలిపి పారేస్తే మేమెట్లా ఏరేదండీ? అన్నం అన్నంగా, పెంకు పెంకుగా ఇస్తే చాలు, మేము తీసుకుపోమా?” ఆ తరువాత నీ విషయమునుగూర్చి నిబంధనలు, నివేదికలు పెక్కు చదివితిని. అన్నిటి సారాంశమును ఆ తల్లి చెప్పిన మాటలో నిమిడియున్నది.

సోదరులారా! మన పూర్వులు శుచిత్వ మెఱుఁగనివారు కారు. తెల్లవాఱకమునుపే వాకిలి యూడ్చి కల్లాపి చల్లి ముగ్గు పెట్టుట మన యింటి యాచారము. అప్పుడు చెత్త యెందుఁ బోయెడిది? ప్రతి యింటికి దొడ్డిలో నొక పెంటకుప్ప యుండెడిది. పేడ, బూడిద, ఆకులు, కూరగాయల తొక్కలు దానిలోఁ బడి మాఁగి, వేసవిలో బండ్లమీఁద పొలమునకుఁ బోయెడివి. పెంటకుప్పకు వెల యుండెను. అన్నదమ్ములు పంచుకొనునపు డది కూడ లెక్కలోనికి వచ్చెడిది. అనఁగా నాఁటి చెత్తకు యజమాని యుండెను. మట్టిలోఁ గలియని వస్తు వింటిలోనికి వచ్చుటయే యరుదు.

పట్టణమునకు వచ్చితిమి. దొడ్డి పోయినది, పొలము దూరమైనది. ఒకప్పు డొక పెంకుటిల్లున్న స్థలమున నేఁ డైదంతస్తుల మేడలో నిరువది కుటుంబములు కాపురమున్నవి. ప్లాస్టికు వచ్చినది. కాని వాకి లూడ్చి వీథిలోనికి నెట్టెడు చేతివాటము మాత్రము మాఱలేదు. మన గడపలోపల నున్నంతవఱకది మన చెత్త. గడప దాటినంతనే యది యెవరిదియుఁ గాదు. యజమాని లేని వస్తువే వీథిచివర కుప్పయగుచున్నది. చెత్తకు తిరిగి యజమానిని చూపుటయే నిర్బంధ నిబంధనల యుద్దేశము.

ఒక చిన్న లెక్క చూడుఁడు. మన దేశమున పట్టణవాసి యొక్కఁడు దినమునకు 200 గ్రాములు మొదలుకొని 600 గ్రాములవఱకు చెత్త పుట్టించునని నిపుణుల యంచనా. నడిమి లెక్క 400 గ్రాము లనుకొందము. ఇంటికి నలుగురు చొప్పున 100 ఇండ్లున్న సందులో దినమునకు 160 కిలోలు. వారము దినములు బండి రానిచో 1,120 కిలోలు, అనఁగా నొక టన్నుకు మించిన మాట. పల్లెలో నిది విశాలమైన దొడ్లలో నడఁగిపోయెడిది. పదునైదడుగుల సందులో నెచ్చటికిఁ బోవును? కాలువలోనికిఁ బోవును. పాఱవేసిన గ్లాసులోను, కొబ్బరిచిప్పలోను, పాత టైరులోను నిలిచిన వాననీటిలో డెంగీజ్వరమును వ్యాపింపఁజేయు దోమ గ్రుడ్లు పెట్టును. ఆ దోమ దూరమెగురునది కాదు. పుట్టినచోటి చుట్టుప్రక్కల యిండ్లవారినే కుట్టును. ఇది యెక్కడి చెత్తయని యది విచారింపదు. జనసమ్మర్దముగల పేటలో నొక్కని నిర్లక్ష్యమునకు నూర్గురు మూల్యము చెల్లింతురు. కావుననే యిది యిష్టానిష్టముల విషయము కాక నిర్బంధ విషయమైనది.

ఈ నిర్బంధము మనకే వచ్చినది కాదు. నేఁడు వచ్చినదియుఁ గాదు. పారిసు నగరమున 1883 నవంబరు 24వ తేదీన సేన్ మండలాధికారి యగు యూజేన్ పుబెల్ యొక యాజ్ఞ జారీచేసెను. ప్రతి యింటి యజమానియు తన యింట కాపురమున్నవారి కొఱకు మూఁతగల పాత్రల నేర్పాటు చేయవలెను. కుళ్లు పదార్థము వేఱు, కాగితములు గుడ్డపేలికలు వేఱు, గాజు పింగాణి పెంకులును ఆల్చిప్పలును వేఱుగ నుంచవలెను. ఇంటి యజమానులు వ్యయమని గోలపెట్టిరి. చెత్త యేఱుకొని బ్రతుకు పేదలు తమ కూడు పోవునని మొఱపెట్టిరి. పత్రికలు పరిహసించి యా పాత్రకే యతని పేరు పెట్టినవి. ఆ పరిహాసమే నిలిచిపోయినది. నేఁటికిని ఫ్రెంచివారు చెత్తబుట్టను ‘పుబెల్’ అనియే పిలుచుచున్నారు. పింగాణి పెంకును అన్నమునుండి వేఱుచేయవలెనని మన పారిశుద్ధ్య సోదరి చెప్పిన మాటను 1883లో నొక నగరము శాసనముగఁ జేసెను.

న్యూయార్కు నగరమున 1895లో జార్జి వేరింగు అను నాతఁడు వీథిశుభ్రతాధికారిగ నియుక్తుఁ డయ్యెను. ఒక్కొక్క కట్టడమున పదుల కుటుంబము లిఱుకుకొని బ్రతుకుచున్న పేటలలో వీథులు బూడిదతోను, గుఱ్ఱపు పేడతోను, వంటచెత్తతోను నిండియుండెడివి. వేరింగు చేసినది రెండు పనులు. ఊడ్చువారికి తెల్లని దుస్తు లిచ్చి, వారిది వైద్యునిపనివంటి గౌరవమైన పని యని జనులకుఁ జూపెను. ఇంటివారు వంటచెత్తను, బూడిదను, పొడిచెత్తను వేర్వేఱుగ నుంచవలెనని విధించెను. ఆ పేటల పిల్లలను సంఘములుగఁ జేర్చి తలిదండ్రులకు బుద్ధిచెప్పుటకు వారినే నియోగించెను. 1898లో పాలనము మాఱి యతఁడు పదవి వీడెను. నిబంధన వ్రాయుట యొక యెత్తు. దానిని నిలుపుకొనుట మఱియొక యెత్తు.

మన దేశముననే, మనవారికి సంబంధించిన యుదాహరణము సూరత్తు. వస్త్రయంత్రములలో పనిచేయుటకు మన తెలుగు జిల్లాలనుండి వేలకొలఁది కుటుంబములు పోయి యచ్చట స్థిరపడినవి. 1994 సెప్టెంబరులో, వఱదలు తీసినతరువాత, ఆ నగరమున ఊపిరితిత్తుల ప్లేగు పొడసూపెను. లక్షలాది జనులు రైళ్లు పట్టుకొని పరుగెత్తిరి. తీయని చెత్తయు, ఇంకని మురుగును గల యిఱుకుపేటలలో బ్రతుకుచున్న కూలివారే యెక్కువ భయమునకు గుఱియైరి. మఱుసటి సంవత్సరము ఎస్. ఆర్. రావుగారు నగరపాలక కమిషనరుగ వచ్చిరి. అధికారులు ప్రతిదినము కార్యాలయము విడిచి వీథులలో తిరుగవలెనని యాజ్ఞాపించిరి. రాత్రులందు ఊడ్పు పెట్టించిరి. వీథిలో చెత్తవేసినవారు పేదలైనను ధనికులైనను రుసుము గుంజిరి. 1996 నాఁటికి, ఇంటాక్ అను సంస్థ పరిశీలనలో సూరత్తు భారతదేశమున శుభ్రమైన నగరములలో రెండవస్థానము పొందెను. జనులు మాఱలేదు, ఆ జనులే యుండిరి. బండి వేళకు వచ్చినది, దండన యందఱికి నొకటియైనది. అంతియే.

ఇఁక మన చట్టము. 1996లో అల్మిత్రా పటేలుగారు సుప్రీముకోర్టులో దాఖలుచేసిన వ్యాజ్యముయొక్క ఫలముగ 2000 సంవత్సరమున దేశమున కంతటికి పురపాలక చెత్త నిబంధనలు వచ్చినవి. వాని స్థానమున 2016 ఏప్రిల్ 8న ఘనవ్యర్థ నిర్వహణ నిబంధనలు ప్రకటింపఁబడినవి. ఇండ్లవారే చెత్తను తడి, పొడి, ప్రమాదకరము అను మూఁడు తెగలుగ వేఱుచేయవలెననియు, వీథిలోఁగాని కాలువలోఁగాని చెఱువులోఁగాని వేయరాదనియు, కాల్చరాదు పూడ్చరాదనియు, సేకరణమునకు రుసుము చెల్లింపవలెననియు నవి విధించెను. 2026 ఏప్రిల్ 1 నుండి యమలగునట్లు నూతన నిబంధనలు ప్రకటింపఁబడినవి. వానిలో తెగలు నాలుగు: తడిచెత్త, పొడిచెత్త, పిల్లల మలవస్త్రములు మొదలగు శరీరశుభ్రతకు సంబంధించిన చెత్త, మందులు, రంగులడబ్బాలు, విద్యుద్దీపములు మొదలగు జాగ్రత్తగ నీయవలసిన చెత్త.

2016 నిబంధనలలో మనవంటివారి నుద్దేశించిన వాక్య మొకటి యుండెను. అనుమతిపొందిన స్థలము కాని చోట నూఱుమందికి మించిన సమావేశము జరుపువారు మూఁడు పనిదినములు ముందుగా స్థానిక సంస్థకుఁ దెలుపవలెను. అచ్చటి చెత్తను వేఱుచేయించి సేకరించువారి కప్పగించు బాధ్యత యా నిర్వాహకులదే. మఱియు 2022 జూలై 1 నుండి ఒక్కమాఱు వాడి పాఱవేయు ప్లాస్టికు పళ్లెములు, గ్లాసులు, చెంచాలు, అలంకరణకు వాడు థర్మోకోలు, 100 మైక్రానులకంటె పలుచనైన ప్లాస్టికు బ్యానరులు దేశమంతట నిషేధింపఁబడినవి. మన వనభోజనములను, మన ఊరేగింపులను, మన స్వాగతతోరణములను తలఁచుకొనుఁడు. మన సంఘము పుట్టినది సంఘీయుల గౌరవమును పెంచుటకు. మన పెద్దల చిత్రపటములు ముద్రించిన ఫ్లెక్సీలు మఱునాఁడు మురుగుకాలువలో నీఁదుచుండఁగా నెవరి గౌరవము పెరుగుచున్నది?

మీలోఁ గొందఱ మనస్సులలో మెదలుచున్న యాక్షేపణల నే నెఱుఁగుదును. “మేము వేఱుచేసి యిచ్చినను బండివాఁడు రెండును కలిపివేయుచున్నాఁడు గదా” యందురు. “బండియే రాదు” అందురు. ఇవి యసత్యములు కావు. హైదరాబాదులో 2015లో ఇంటింటికి రెండేసి బుట్ట లిచ్చి యాటోబండ్లు నడిపిరి. ఆ బుట్టలలో కొన్ని చెత్తకుఁ గాక బియ్యమునకును నీళ్లకును వినియోగమైనవి. ఆంధ్రప్రదేశమున 2021 అక్టోబరు 2న మూఁడురంగుల బుట్టలతో ఇంటింటి సేకరణము నారంభించిరి. దానితోఁగూడ వచ్చిన రుసుమునకు జనులు ‘చెత్తపన్ను’ అని పేరుపెట్టి నిరసింపఁగా, 2024లో నది రద్దయ్యెను. దీనివలన నేర్చుకొనవలసినది రెండు వైపులకును కలదు. బండి వేళకు రాకుండ దండన విధించుట యన్యాయము. వేళకు వచ్చిన బండికి కలగాపులగపు చెత్త నిచ్చి నగరమును దూషించుటయు నంతే యన్యాయము. సేకరణము పాలకుల ధర్మము, వేఱుచేయుట గృహస్థుని ధర్మము. ఒకరి ధర్మలోపము రెండవవాని లోపమునకు సాకు కారాదు.

ఇది యసాధ్య మనువారికి దగ్గఱి సాక్ష్యము సూర్యాపేట. లక్షజనాభా గల యా పట్టణమున 2003 ప్రాంతముననే వీథి కుండీలను తీసివేసి, ఇంటింట తడిపొడి చెత్తలను వేర్వేఱుగఁ గొని, తడిచెత్తను వానపాముల యెరువుగఁ జేసి, పొడిచెత్త నమ్మి, దేశముదృష్టి నాకర్షించిరి. అది ధనిక పట్టణము కాదు, యంత్రములును లేవు. అధికారులు దుకాణములవెంట, ఇండ్లవెంట తిరిగి చెప్పుటయే యంత్రము. ఉత్తరమున ఇందూరు నగరము 2017 నుండి స్వచ్ఛనగరములలో వరుసగ ప్రథమస్థానము నందుకొనుచు వచ్చినది. అచ్చటను మొదట జరిగినది వేఱుచేయుటయే. తడిచెత్త శుద్ధముగ వచ్చుటచేతనే 2022 ఫిబ్రవరిలో దినమునకు 550 టన్నుల చెత్తనుండి బండ్లకు వాయువు తీయు కర్మాగార మచ్చట ప్రారంభింపఁబడఁగలిగినది.

వేఱుచేయని చెత్త చివర కెందుఁ బోవునో కూడ నాలోచింపవలెను. మన కన్నులకు కనఁబడని చోటికిఁ బోవును. కాని యది యెవరియో కన్నులయెదుటనే యుండును. కేరళమున ఆలప్పుళ పట్టణపు చెత్తను సంవత్సరములతరబడి సర్వోదయపురమను గ్రామములోఁ బోయుచుండిరి. నీళ్లు చెడినవి, దుర్గంధము పట్టినది. 2012లో గ్రామస్థులు లారీల నడ్డగించి, ‘మీ చెత్త మీయొద్దనే యుంచుకొనుఁ’డనిరి. పట్టణము కొంతకాలము చెత్తలో మునిఁగెను. పిమ్మట గత్యంతరము లేక, ఇంటింట గొట్టపు ఎరువుపాత్రలును, వీథివీథిని ఎరువుతొట్లును, వంటవాయువు గుండములును వెలసినవి. నేఁ డా పట్టణమును చూచిపోవుటకు పరులు వచ్చుచున్నారు. ప్రతి నగరమునకును వెలుపల నొక సర్వోదయపుర మున్నది. అచ్చట నుండువారు బీదవారు. మన పెండ్లివిందు వారి నూతినీరగుచున్నది.

ఇప్పు డొక కఠినమైన మాట చెప్పవలసియున్నది. కులసంఘపు వేదికమీఁద చెప్పవలసిన మాట గనుకనే చెప్పుచున్నాను, పెద్దలు మన్నింతురుగాక. ఇతర దేశములలో చెత్తనిబంధనకు అడ్డుపడినది వ్యయము, బద్ధకము. మనకు మూఁడవ యడ్డు కలదు: ఊడ్చుట యొకరి పుట్టుకపని యను తలంపు. 1901లో కలకత్తా కాంగ్రెసు మహాసభకుఁ బోయిన గాంధిగారు అచ్చటి మరుగుదొడ్ల దురవస్థను చూచి స్వచ్ఛందసేవకులను హెచ్చరింపఁగా, అది తమ పని కాదు, పాకీవాని పని యని వారు బదులుచెప్పిరఁట. అప్పుడాయన తానే చీపురు పుచ్చుకొనెను. దేశస్వాతంత్ర్యమును కోరి కూడిన విద్వత్సభయందే యట్లున్నప్పుడు, మనయందు లేదని యెట్లనఁగలము? రాజ్యాంగము 17వ యధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసినది. మలమూత్రముల నెత్తించుటను 2013 చట్టము నేరముగఁ జేసినది. అయినను గాజుపెంకును అన్నములో విసరునపుడు, “దీనిని తీయు చేయి నాచేయి వంటిది కాదు” అను భావము మనలో నెచ్చటనో దాగియున్నది. చెత్తను వేఱుచేయుట శుభ్రతాకార్యము మాత్రమే కాదు. ఆ భావమును వదలించుకొను కార్యము. మన కులము పైకి రావలెనని మన మందఱము కోరుచున్నాము. మఱియొకరి చేతిని గాయపఱచి పైకి వచ్చినవాఁడు పైకి వచ్చినవాఁడు కాఁడు.

పుణెలో చెత్త యేఱుకొను స్త్రీలు 1993లో సంఘముగఁ గూడిరి. 2008లో వారి సహకారసంస్థయే నగరపాలకులతో నొడంబడిక చేసికొని, ఇంటింట చెత్త సేకరించు పనిని చేపట్టెను. పారిసునగరపు నిబంధన చెత్త యేఱువారిని భయపెట్టెను; పుణె యేర్పాటు వారికే యాధారమయ్యెను. కావున నిబంధన చేయునపుడు ఆ పనివారి కూటికి నష్టము రాకుండ చేయుట సాధ్యమే.

ఇఁక తీర్మానమునకు వచ్చుచున్నాను. చట్టము ప్రభుత్వమువారిది. కాని ప్రభుత్వపు తనిఖీదారుఁడు ప్రతి వివాహమునకు రాలేఁడు. మనము వత్తుము. మన మాటకు మన యింటివారు వెఱచునంత యధికారికి వెఱవరు. అందుచే నీ క్రింది యంశములు మీయెదుట నుంచుచున్నాను.

1. మండపము నద్దెకుఁ గొనువారినుండి చెత్తకొఱకు వేఱుగ ధరావతు తీసికొనవలెను. తడి, పొడి, గాజుపెంకు మొదలగువానిని వేర్వేఱు పాత్రలలో నప్పగించినవారికి మఱునాఁడే పూర్తిగ తిరిగి యీయవలెను. కలిపి వేసినవారి ధరావతు తిరిగి రాదు. పోషకులకును కార్యవర్గసభ్యులకును మినహాయింపు లేదు. మొదటి ధరావతు నా మనుమరాలి నామకరణమునకై నేనే చెల్లింతును.

2. ప్లాస్టికు పళ్లెములు, గ్లాసులు, పలుచని బ్యానరులు మండపములోనికి రానీయరాదు. అడ్డాకు విస్తళ్లును, అరఁటియాకులును మనకుఁ దెలియనివి కావు.

3. సంఘము పక్షమున స్టీలు గ్లాసులు, పళ్లెములు గల పాత్రనిధి నేర్పఱచి స్వల్పమైన యద్దెకు నీయవలెను. సిద్దిపేట ప్రాంతమున ‘స్టీలు బ్యాంకు’ లను పేర నిట్టివి నడచినవి. తలిదండ్రుల స్మారకార్థము గోడలపై ఫలకములు చెక్కించు పోషకమహాశయులు నూఱేసి పళ్లెముల నిచ్చినచో, ఆ పేరు ప్రతి విందునను వేయిమంది చేతులలో నుండును.

4. మండపము వెనుక స్థలమున ఎరువుగుంటలు రెండు కట్టింపవలెను. ఒకటి నిండి మాఁగుచుండఁగా రెండవది నింపవచ్చును. ఎరువు వసతిగృహపు తోటకు చెందవలెను.

5. నూఱుమందికి మించిన ప్రతి సమావేశమునకును కార్యదర్శిగారు మూఁడు పనిదినములు ముందుగా పురపాలక సంఘమునకు వ్రాఁతమూలముగఁ దెలిపి, బండి వచ్చు వేళను నిశ్చయించుకొనవలెను. బండి రానిచో నడుగు నధికారము మన కప్పుడు గలుగును.

6. మండపము శుభ్రపఱచువారికి చేతితొడుగులు, పాదరక్షలు, ఒప్పుకొన్న కూలి మిగిలిన వ్యయములకంటె ముందుగ నీయవలెను. విందునాఁడు వారికి మిగిలినది పెట్టుట కాదు. పంక్తిలో కూర్చుండఁబెట్టి వడ్డింపవలెను.

ఈ యాఱవ యంశమును తీసివేసినచో తీర్మానము సులభముగ నెగ్గునని మిత్రులు కొందఱు నాకు హితవు చెప్పిరి. వారి స్నేహమునకు కృతజ్ఞుఁడను. కాని దానిని తీసివేసినచో మిగిలిన యైదును లెక్కలే యగును. ఓడినను దానితోనే యోడుదము.

“అతిథులవద్ద ధరావతు పట్టుట మర్యాదయా?” యని పెద్దలు కొంద ఱడుగుచున్నారు. పొరుగింటి గడపలోనికి మురుగు పంపుట మర్యాదయా యని నేను తిరిగి యడుగుదును. మండపములోని యతిథులు మనకు చుట్టములు. వెనుకసందులోని నాలుగిండ్లవారు మన యిరుగుపొరుగు. చుట్టము సంవత్సరమున కొకసారి వచ్చును. ఇరుగుపొరుగు ప్రతిదినము నుందురు.

స్త్రీసమాజమువారికి ప్రత్యేకముగ మనవి. ఇంటిలో నీ పని యంతయు తమమీఁదనే పడునని తాము శంకించుట న్యాయము. కావున మగవారికిని పిల్లలకును తలకొక పని పంచుఁడు. తడిబుట్ట గృహిణిది యైనచో పొడిబుట్ట గృహస్థునిది కావలెను. బండివఱకు మోయుట కొడుకుది కావలెను. వసతిగృహ విద్యార్థులారా! మీరు మీ గదులలో నెలదినములు దీనిని నడిపి చూపినచో మా పెద్దల యాక్షేపణలు వాటంతట నవియే యడఁగిపోవును. వేరింగు పిల్లలనే నమ్ముకొన్నాఁడు. మేమును మిమ్మే నమ్ముకొన్నాము.

మహాశయులారా! నిన్న మధ్యాహ్నము మీరు భోజనమునకు లేచినతరువాత నేను మండపము వెనుకకుఁ బోయి చూచితిని. కుప్ప మరల లేచుచున్నది. దానిలో మన మహాసభ కార్యక్రమపత్రికలు కూడ నున్నవి. ఈ రాత్రి వాన వచ్చునో రాదో నే నెఱుఁగను. మీరు సాయంకాలము రైలెక్కి మీ మీ యూళ్లకుఁ బోవుదురు. ఆ కుప్ప మాత్ర మిచ్చటనే యుండును. రేపు తెల్లవాఱుజామున దానివద్దకు వచ్చు నాసోదరి అరచేతిలో మచ్చ యిప్పటికిని కలదు.

మధ్యాహ్నము తీర్మానమునకు చేయెత్తునపుడు ఆ చేతిని తలఁచుకొనుఁడని మాత్రము ప్రార్థించుచున్నాను. 

స్వస్తి.